నాయనమ్మకు తెలియని పేరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. భోపాలపట్నంలో మా కిరాణా కొట్టుకు వచ్చే వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. ఆ కోపంతోనే నా మనవడి కోసం హిందీ నడిచే మా బీజాపూర్ జిల్లా కోర్టులో కేసు వేశాను.

మా అబ్బాయి ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. కోడలి పేరు మాసే, నర్సు పని చేసేది, ఉసూర్ దగ్గరి దోర్ల తెగ పిల్ల. మొదట్లో నేను రుసరుసలాడిన మాట నిజమే. ఏడాది తిరక్కుండా ఆమె ఇంట్లో లేకపోతే నాకు ముద్ద దిగేది కాదు. పిల్లాడు పుట్టాక, అప్పటికే కాలం చేసిన మా ఆయన పేరు పెట్టుకున్నాం. రెండేళ్ళ కింద మొగుడూ పెళ్ళాం మోటారు సైకిల్ మీద వస్తుంటే మద్దేడ్ దగ్గర లారీ కొట్టేసింది. ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. ఆ రోజు పిల్లాడు వాళ్ళ అమ్మమ్మ గంగే దగ్గర ఉన్నాడు. అక్కడే ఉండిపోయాడు.

దినాలయ్యాక తెచ్చుకుందామని వెళితే గంగే నన్ను వాకిట్లోనే ఆపేసింది.

"నీ కొడుకు నా బిడ్డను బండెక్కించుకపోయి సంపిండు. ఇప్పుడు పోరన్ని సుత తీస్కపోతవా? పో!"

"నా కొడుకు మాత్రం బతికిండా ఏంది?" అని నేనూ అరిచాను.

ఇద్దరు ముసలాళ్ళ అరుపులకు పిల్లాడు బెదిరి గంగే చీర చాటున దాక్కున్నాడు. నన్ను చూసి దాక్కున్నాడు! ఆ బాధ ఎవరికి చెప్పుకోను?

మా వైపు వకీలు సుందరరావు నాకు దూరపు మేనల్లుడు. కేసు వేసే ముందే వివరంగా చెప్పాడు.

"అమ్మా నాయనా లేని పిల్లగాన్ని మాకియ్యమని అడిగే హక్కు దగ్గరి సుట్టాలు ఎవరికైనా ఉంటది అత్తా. నాయనమ్మవని నీకు ఎక్కువ లేదు, అమ్మమ్మని ఆమెకు తక్కువ లేదు. జడ్జి సూసేది పిల్లగాని మంచి ఒక్కటే."

"వంశం మాది, ఇంటిపేరు మాది. ఇంకేం సూస్తడు?" అన్నాను. సుందరరావు నవ్వి కాగితాలు నా ముందుకు జరిపాడు.

వాయిదా రోజు రానే వచ్చింది. నేను బోనెక్కాను. ఎదురుగా బెంచీ మీద గంగే, ఆమె ఒళ్ళో పిల్లాడు. గంగేకు సర్కారు పెట్టిన వకీలు హిందీలో ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇల్లెంత, కొట్టెవరు చూస్తారు, ఒంట్లో బాగుంటుందా, అన్నిటికీ టకటకా చెప్పాను. కొట్లో కూర్చునేదానికి హిందీ ఓ లెక్కా!

"బచ్చే కా నామ్?" అని పిల్లాడి పేరు అడిగాడు.

"చిన్నోడు," అన్నాను.

"ముద్దుపేరు కాదు. అసలు పేరు."

నా నోరు మూతపడింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పేరు నా నోట పలకలేదు. ఎవరైనా సేఠ్ పేరేంటని అడిగితే కొట్టు బోర్డు చూపించేదాన్ని. ఆయన పోయాక కూడా రాలేదు. ఇప్పుడు మీకూ చెప్పను. కోర్టు అడిగినంత మాత్రాన నాలుక తిరుగుతుందా?

"చెప్పు అత్తా," అని సుందరరావు కింది నుంచి గింజుకుంటున్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

వకీలు జడ్జి వైపు తిరిగాడు. "హుజూర్, మనవడి పేరైనా తెలియని నాయనమ్మ ఈమె. ఈమె చేతుల్లో పిల్లాణ్ణి పెట్టమంటున్నారు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్లాడు ఇక నాకు దక్కడని తెలిసిపోయింది. కుర్ర జడ్జి ఏదో రాసుకోబోతున్నాడు. అప్పుడు గంగే లేచి నిలబడింది.

"ఏం వకీలువయ్యా నువ్వు? అది ఆమె పెనిమిటి పేరు. ఆడది ఎట్ల చెప్తది? మా దిక్కు సుత చెప్పం," అని, ఆ పేరు తనే గట్టిగా పలికింది.

తనను పిలిచారనుకుని పిల్లాడు "ఆఁ" అన్నాడు. జడ్జితో సహా అందరూ నవ్వారు.

"కూర్చో, నీ కేసే పోతుంది," అని ఆమె వకీలు పళ్ళు కొరికాడు.

"పోరడు నాకు కావాలె," అంది గంగే. "గని రేపు పెద్దగైనంక, మా నాయనమ్మకు నా పేరే తెల్వదంట అని వాడు అనుకోవాల్నా? అట్ల గెలుసుడు నాకొద్దు."

జడ్జి ఆ మాటలు హిందీలో చెప్పించుకుని విన్నాడు. కలం కింద పెట్టి, భోజనాలయ్యాక చూద్దామన్నాడు.

వరండాలోకి రాగానే సుందరరావు ముఖం వెలిగిపోతోంది. "అత్తా, నీకు వాని మీద పావురమూ ప్రేమా ఉన్నయని ఆమెనే ఒప్పుకున్నట్టు. వాళ్ళ ఊర్ల బడి లేదు, దవాఖాన లేదు. ఈ మాట పట్టుకొని వాదిస్తే కేసు మనదే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నలుగుర్ల నా పరువు నిలబెట్టింది. ఆ మాటనే పట్టుకొని ఆమె ఒడి ఖాళీ చెయ్యమంటవారా?"

"కోర్టుల ఇట్లనే ఉంటది అత్తా."

"ఉంటే ఉండని. నువ్వు నోరు మూస్కో, నేను మాట్లాడుత."

మధ్యాహ్నం జడ్జికి నేనే చెప్పాను. పిల్లాడు ఇప్పుడున్న చోటే ఉంటాడు. నేను వెళ్ళి చూసి వస్తుంటాను, ఎవరూ వాకిట్లో ఆపకూడదు. బడి ఈడు వచ్చాక గంగే ఒప్పుకుంటే నా దగ్గర చదువుకుంటాడు, సెలవులకు ఆమె దగ్గరికి వెళతాడు. జడ్జి గంగేను అడిగాడు. ఆమె నా వైపు చూడకుండానే, "బడికైతే పంపుత. ఇయ్యాల మాత్రం పంప," అంది. అలాగే రాసి మా ఇద్దరి చేతా ఒప్పుకున్నామనిపించారు.

చేసింది మంచి పనేనని తెలుసు. అయినా వట్టి చేతులతో ఇంటికెలా వెళ్ళాలో తెలియక ఏడుపొచ్చింది. జీపుల అడ్డా దగ్గర నిలబడి ముక్కు చీదుతుంటే, పిల్లాడు నన్నే చూస్తూ గంగేను వాళ్ళ దోర్లీ భాషలో ఏదో అడిగాడు.

"ఏమంటుండు?"

"నువ్వెవరని అడిగిండు. మీ అయ్యకు అమ్మ అని చెప్పిన." గంగే వాడి తల నిమిరింది. "అట్లయితే అయ్య ఏడున్నడో ఆమెకు ఎరుకనా అంటుండు."

టీ కొట్టు అరుగు మీద కూలబడ్డాను. ఎక్కడున్నాడని చెప్పను?

"మీ అయ్య చిన్నప్పటి సంగతులన్నీ నాకెరుకే బిడ్డా," అన్నాను. "ఏ చెట్టెక్కి పడ్డడో, ఎవనితోటి కొట్లాడిండో, అన్నీ ఎరుకే."

వాడు గంగే చెయ్యి వదిలి వచ్చి నా మోకాలు పట్టుకున్నాడు. "చెప్పు," అన్నాడు, తెలుగులోనే.

ఉసూర్ జీపు హారన్ కొట్టింది. గంగే పొమ్మని డ్రైవరుకు చెయ్యి ఊపి, మూట కింద పెట్టి నా పక్కన కూర్చుంది.

"నా బిడ్డ సంగతి గూడ చెప్పు వదినా," అంది. "మీ ఇంట్ల ఎట్లుండెనో."