లీలాకుమారి సొంత ముఖం

"గడ్డం కొంచెం పైకి, లీలమ్మా" అన్నాడు కెమెరామన్ కమలాకర్.

లీలాకుమారి గడ్డం ఎత్తింది. జూబ్లీహిల్స్‌లో షూటింగుకు అద్దెకు తీసుకున్న బంగళా పచ్చికలో ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఎదురుగా పట్టిన రిఫ్లెక్టరు ఇంకో సూర్యుణ్ణి తెచ్చి మొహాన పెట్టింది. అయినా ఆమె రెప్ప వాల్చలేదు. హీరోయిన్ వ్యానులోంచి దిగేదాకా, ఆ అమ్మాయి నిలబడాల్సిన చోట తను నిలబడి, వెలుతురు సరిచూసుకోవడానికి ముఖం అప్పగించడమే ఆమె పని. పెళ్లికూతుళ్ల చోట నిలబడింది, రాణుల చోట నిలబడింది, చచ్చిపోయిన చెల్లెళ్ల చోట పడుకుంది కూడా. తెర మీద మాత్రం ఆమె చిటికెనవేలు కూడా ఎవరూ చూడలేదు. "నేను నిలబడబట్టే కదా వాళ్లు అందంగా కనబడేది" అని కృష్ణానగర్‌లో పక్కగది రాజమ్మ దగ్గర గొప్పలు పోయేది.

ఆమె దిగులంతా ఈమధ్య బుగ్గల మీద లేచిన మంగుతోనే. మచ్చల ముఖం మీద వెలుతురు సరిగ్గా తెలియడం లేదని కమలాకర్ నసుగుతున్నాడు. ఇంకాస్త నల్లబడితే జూనియర్ ఆర్టిస్టుల గుంపులోకి తోసేస్తారు. గుంపులోకి పోయినవాళ్లు మళ్లీ ముందుకు రావడం ఫిలింనగర్‌లో ఆమె ఎన్నడూ చూడలేదు. అందుకే నిన్న బంజారాహిల్స్‌లో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"మీది ఏ రకం చర్మమమ్మా? జిడ్డుదా, పొడిదా?" అని అడిగింది డాక్టరు నిహారిక.

"ఏ సినిమాలోనండీ?" అంది లీలాకుమారి.

డాక్టరమ్మ రాయడం ఆపి చూసింది. పాపం, ఆవిడకేం తెలుసు! ఎవరి చోట నిలబడితే, వాళ్లు వాడి వదిలేసిన సన్‌స్క్రీనే లీలాకుమారి రాసుకునేది. వాళ్ల వెలుతురు సరిపోయిన ముఖానికి వాళ్ల క్రీము సరిపోదా అనుకుంది. ఒకమ్మాయి క్రీముకు మొటిమలు లేచాయి. ఇంకో అమ్మాయిది పూస్తే ముఖం సున్నం కొట్టిన గోడలా తేలింది. అయినా మానలేదు.

"ఒకరిది ఒకరికి పడదమ్మా. జిడ్డు చర్మానికి జెల్, పొడి చర్మానికి క్రీము, ఊరికే దద్దుర్లు వచ్చేవాళ్లకి జింకు ఉన్నది రాయమంటాం. మీది జిడ్డు చర్మం, పైగా మంగు. రంగు కలిసిన జెల్ వాడండి. చామనఛాయ కదా అని ఎండ వదిలిపెట్టదు. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, వీలైనంత నీడలో ఉండాలి."

"నీడలో ఉంటే నాకు పనెవరిస్తారండీ?" అని నవ్వేసింది. కానీ తిరిగొస్తున్నంతసేపూ ఆమెకు ఒకటే సంతోషం. ఇన్నేళ్లకు తనకూ ఒక రకం చర్మం ఉందని తేలింది.

ఇవాళ పొద్దున ఆ జెల్ రాసుకుని వచ్చింది. రెండు గంటలు గడిచాయి. ఇన్నేళ్లలో మధ్యలో కదులుతానని ఆమె ఎన్నడూ అడిగి ఎరగదు.

"సార్, ఒక్క నిమిషం. మొహానికి రాసుకొస్తాను."

"సరే, త్వరగా రా" అన్నాడు కమలాకర్ వింతగా చూస్తూ.

గోడ చాటున జెల్ పూసుకుని వచ్చేసరికి ఆమె చోట ఒక స్టాండు, దాని మీద విగ్గులు తగిలించే బొమ్మతల ఉన్నాయి. పని ఆగకుండా అసిస్టెంటు తెచ్చి పెట్టాడు. మేకప్ వాళ్లు దానికి హీరోయిన్ రంగు పూశారు. కమలాకర్ దాని బుగ్గ దగ్గర వెలుతురు కొలిచే మీటరు పెట్టి చూశాడు.

"భలే ఉందే! కదలదు, చెమట పట్టదు" అన్నాడు. అతని గొంతులో ఎగతాళి లేదు.

లీలాకుమారి ఆ బొమ్మ పక్కన నిలబడింది. తప్పుకోమని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. భోజనాల వేళ ప్రొడక్షన్ మేనేజరు బాలనర్సయ్య పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఏమనుకోకు. అవసరం పడితే నేనే ఫోన్ జేస్త. జర ఇంటికాడ ఆరాం జెయ్యి."

"ఫర్లేదులే, బాలనర్సయ్యా. నువ్వు తిను."

ఆ ఫోను రాదని ఇద్దరికీ తెలుసు. పెరుగన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, సంచీ భుజాన వేసుకుంది. కమలాకర్‌కు చెప్పి వెళ్దామనుకుంది కానీ అతను పనిలో ఉన్నాడు. గేటు దాటుతుంటే అతని కేక వినబడింది.

"ఒరేయ్, బొమ్మ రంగు వెలిసిపోతుంది! మళ్లీ వెలుతురు చూసేదాకా గొడుగు పట్టండ్రా!"

లీలాకుమారి ఒక్కసారి వెనక్కి చూసి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. పచ్చిక నడుమ, ఆమె నిలబడే చోట, పెద్ద నల్ల గొడుగు కింద ఆ బొమ్మతల చల్లగా ఉంది.