కమాను కింద

కమాను కట్టడం ఎప్పుడో అయిపోయింది. దాని కింది కొయ్య చట్రం మాత్రం అలాగే ఉంది. దాన్ని దించితేగాని రాళ్లు తమంతట తాము నిలబడతాయో లేదో తేలదు. అడిగినవాళ్లందరికీ మేస్త్రి ఒకటే చెబుతోంది: సున్నం ఇంకా ఆరలేదని.

ఆరిందని ఆమెకి తెలుసు. రోజూ గోటితో గీకి చూసేది. గోరే అరిగేది గాని సున్నం రాలేది కాదు.

రెండు నదులు కలిసే మొన మీద ఉంది ఆ పాత మఠం. అవతలి ఒడ్డు వేరే దేశం. ఈ కమాను మఠం నదివైపు గుమ్మానిది. ఆ గుమ్మాన్ని మునుపు కట్టింది ఆమె మేనమామ. అవతలి ఒడ్డున సరిహద్దు కాపలావాళ్ల గుమ్మంతో పాటే అదీ వరదకి కూలింది. ఆ దెబ్బతో ఆయన తాపీ పక్కన పెట్టేశాడు. పని నేర్పిన చేతులే భయాన్నీ అంటించాయేమోనని ఆమె అనుమానం.

చట్రం దించేటప్పుడు కట్టినవాళ్లు కమాను కింద నిలబడాలన్నది వాళ్ల పనిలో కట్టుబాటు.

"ఏమే, ఆ కొయ్యలు చిగుళ్లు వేసేదాకా ఉంచుతావా?" అన్నాడు మేనమామ, మెట్ల మీద కూర్చుని.

"సున్నం..."

"నాకు చెప్పకు సున్నం సంగతి! అవతలి కాపలావాళ్లు పందెం కాశారు, కూలుతుందని."

"నువ్వూ కాశావా, మావయ్యా?"

ఆయన సుత్తి అందుకున్నాడు. "చట్రం చీలలు నేను ఊడగొడతాను. పద, నిలబడు."

ఆమె వెళ్లి నిలబడింది. సరిగ్గా అంచు కిందే. చట్రాన్ని ఎత్తిపట్టిన చెక్క చీల ఒకటి ఊడింది. మరొకటి. తలపైన కిర్రుమంది. భుజం మీద దుమ్ము రాలింది.

సుత్తి ఆగిపోయింది. మేనమామ మొహం పాలిపోయి ఉంది. ఇన్నాళ్లూ తాను మోసింది ఆ మొహంలోని భయాన్నే. అది ఆయనది, తనది కాదు. ఆమె ఒక అడుగు కమాను నడిమికి జరిగింది.

"ఆగావేం? కొట్టు మావయ్యా!"

ఆయన కొట్టాడు. చట్రం జానెడు కిందికి దిగింది. రాయికీ కొయ్యకీ మధ్య వెలుగు దూరింది. రాళ్లు ఒకదాన్నొకటి అదుముకుని అలాగే నిలిచాయి. అవతలి ఒడ్డునుంచి ఈలలు, కేకలు.

మేనమామ వచ్చి ఆమె పక్కన నిలబడి పైకి చూశాడు.

"కాశానే," అన్నాడు. "నిలిస్తే వాళ్ల గుమ్మం కట్టే పని మనకివ్వాలని."

ఆమె నదికి అవతల కూలి ఉన్న కాపలావాళ్ల గుమ్మాన్ని చూసింది. వెడల్పు ఇంచుమించు ఇంతే.

"అయితే ఈ కొయ్యలు పడవెక్కించు," అంది, దుమ్ము దులుపుకుంటూ.