కదిలిన లాకు తలుపులు

నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో కాలువ ఒడ్డునున్న లాకుల ఆఫీసులో వీట్స్కె ప్రోగ్రాములు రాస్తుంది. ఆ ఉదయం లాకు తలుపులు మూసే కోడ్‌ను పరీక్షించాలి. నిజం తలుపుల జోలికి పోకుండా, కంప్యూటర్‌లోని నమూనా లాకు చిరునామాను ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, అంటే అక్కడి నుంచి తెరిచే ప్రోగ్రాములకు అందే విలువగా, పెట్టుకుంది. తర్వాత కోడ్ రాసే ఎడిటర్ తెరిచి పరీక్ష నడిపింది.

తెర మీద నమూనా తలుపు కదల్లేదు. ఎందుకా అనుకుంటూ తలెత్తేసరికి, కిటికీ అవతల నిజం తలుపులే మూసుకుంటున్నాయి. వాటి మధ్యకు ఇసుక పడవ వచ్చేసింది. పడవ ముందు ఒకావిడ తాడు పట్టుకుని నిలబడి ఉంది.

వీట్స్కె వెంటనే పరీక్ష ఆపేసింది. అయినా తలుపులు ఆగలేదు. లాకు కాపలాదారు డౌవెకు ఫోన్ చేసింది.

“డౌవె గారూ, ఎర్ర బటన్ నొక్కండి! తలుపులు ఆపండి!”

“నేను ముట్టుకోనే లేదమ్మా, అవెలా...”

“నేనే చేశాను! ముందు నొక్కండి!”

పడవకు జానెడు దూరంలో తలుపులు ఆగాయి. పడవలో ఆవిడ అరుస్తున్న తిట్లు కిటికీ అద్దం దాటి వినబడ్డాయి. అవి వింటుంటే వీట్స్కెకు ఏడుపొచ్చింది. ఆవిడకేం కాలేదు.

తర్వాత కారణం వెతికింది. ఎడిటర్‌ను టెర్మినల్ నుంచి కాక, మామూలుగా తెర మీది దాని బొమ్మ మీద నొక్కి తెరిచింది. అందుకే టెర్మినల్‌లో పెట్టిన చిరునామా దానికి అందలేదు. చిరునామా దొరక్కపోతే నిజం లాకుకే వెళ్లమని కోడ్‌లో ఉంది. ఆ వరుస రాసింది తనే.

దాన్ని చెరిపేసి, చిరునామా లేకపోతే ఏదీ కదలకూడదని రాసింది.

“కాలువ ఖాళీగానే ఉందమ్మా, నడిపి చూసుకో,” అన్నాడు డౌవె.

“ఇవాళ నా వల్ల కాదండీ,” అంది వీట్స్కె.