దించిన నాలుగు తీగలు

నేను ఒక గిటారును. పుట్టింది కలకత్తాలో, ఒక ఇరుకు కార్ఖానాలో. నన్ను చేసినవాడు వేలితో ఒకసారి తట్టి చూసి, ఫరవాలేదన్నట్టు తల ఊపి పక్కన పెట్టాడు. నాకు దక్కిన మొదటి మెప్పు అదే. అందుకేనేమో, ఆ తర్వాత ఎవరు పొగిడినా నాలో చలనం లేదు.

విశాఖపట్నంలో నన్ను మొదట కొన్నవాడు మూడు పాఠాలకే విసుగెత్తి వదిలేశాడు. అలా యోనా చేతికి వచ్చాను. సముద్రపు ఒడ్డు హోటల్లో, ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ వాయించే బ్యాండులో యోనా గిటారిస్టు. చెయ్యి చురుకు, నోరు దురుసు. ఒకసారి ఓడ దిగిన నావికుడెవరో బ్లూస్ పాటల క్యాసెట్ ఇచ్చిపోతే, అందులో తీగల మీద గాజుముక్క జారిస్తూ వాయించే తీరు విని మూతి విరిచాడు.

"తీగలు వదులు చేసుకుని రుద్దడం కూడా వాయింపేనేటి? బద్ధకస్తుల పని!"

యాభయ్యో ఏట యోనాకు పక్షవాతం వచ్చింది. భుజం కోలుకుంది, మోచెయ్యి కోలుకుంది. ఎడమచేతి వేళ్లు మాత్రం కర్రల్లా నిలబడిపోయాయి. వాటి మీద వేడి టీ ఒలికినా అతనికి తెలియలేదు. నేను రెండేళ్లు గోడకు వేలాడాను. ఆ రెండేళ్లూ మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం, అంతే. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

ఒకరోజు హోటల్ నుంచి కబురొచ్చింది. మేనేజరు కొత్త గిటారిస్టును చూసుకున్నాడట. వచ్చే నెల మొదటి ఆదివారం యోనా వచ్చి వాయిస్తే సరి, లేకపోతే ఆ చోటు కొత్తవాడిది.

యోనా భార్య ఎస్తేరు నన్ను గోడ మీంచి దించి అతని ఒళ్లో పడేసింది.

"ఆ బద్ధకస్తుల వాయింపే నేర్చుకో. ఇప్పుడు నీకంటే బద్ధకస్తుడు ఈ ఊళ్లో ఎవడున్నాడయ్యా?"

యోనా కుడిచేత్తోనే నా మరలు తిప్పాడు. లావు తీగను శ్రుతిలో రెండు మెట్లు దించాడు. సన్న తీగ వైపు నుంచి లెక్కపెడితే మూడోదాన్ని ఒక మెట్టు, మొదటి సన్న తీగలు రెండింటినీ చెరో రెండు మెట్లు. నాలుగోదాన్నీ అయిదోదాన్నీ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆరు తీగలనూ ఒక్కసారి మీటితే చాలు, ఏ వేలూ నొక్కకుండానే స్వరాలన్నీ కలిసి నిండుగా ఒక కార్డు పలికింది. అమ్మేసిన స్కూటర్ తాలూకు ప్లగ్గు పానా ఇంట్లో మిగిలి ఉంది. ఎస్తేరు దాని నడుమ గొట్టాన్ని కోయించి తెచ్చి అతని ఎడమచేతి చిటికెన వేలికి తొడిగింది. నొక్కే పని లేదు. నా మెడ మీది మెట్టుకు సరిగ్గా పైన, తీగను తాకీ తాకనట్టు ఆనించి జరిపితే చాలు. ఆ జరిపే పని మోచెయ్యి చేసింది.

ఈ సంగతి యోనా బ్యాండులో ఎవరికీ చెప్పలేదు. ఒకప్పుడు అందరి ముందూ వెక్కిరించిన వాయింపు కదా! చెయ్యి బాగైందని మాత్రం కబురంపాడు.

ఆ బ్యాండులో ఒక ఆచారం ఉంది. ముందు వచ్చినవాళ్లు అందరి వాద్యాలనూ శ్రుతి చేసి పెడతారు. ఆ ఆదివారం ముందు వచ్చినవాడు కీబోర్డు వాయించే సత్యానందం. యోనా మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు సత్యానందం నన్ను ఒళ్లోకి తీసుకుని మీటి, అయ్యో అనుకున్నాడు. దించిన నాలుగు తీగలనూ ప్రేమగా బిగించేశాడు. వద్దని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్నో కాదో.

వేదిక మీద యోనా గొట్టాన్ని అయిదో మెట్టు మీద ఆనించి మీటాడు. పొంతన లేని మోత ఒకటి లేచింది. ముందు బల్ల దగ్గర బిర్యానీ చెంచా గాల్లోనే ఆగిపోయింది. గుమ్మం దగ్గర మేనేజరు చేతులు కట్టుకున్నాడు.

"ఎవడ్రా దీన్ని ముట్టుకున్నాడు?" అన్నాడు యోనా.

"నేనే బావా," అన్నాడు సత్యానందం. "తీగలన్నీ జారిపోయి ఉంటేనూ, సరిచేసీసేను."

యోనా ఒక క్షణం తన చేతిని చూసుకున్నాడు.

"జారలేదురా. నేనే దించుకున్నాను. నాకు వేళ్లు పనిచెయ్యవు."

అతని ఎదురుగా ఉన్న మైకు ఆ మాటను హాలంతా వినిపించింది.

సత్యానందం కీబోర్డు వదిలి వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఏది ఎంత దించాలో చెప్పు."

"లావుది. దించు. ఇంకొంచెం. ఆఁ. ఇప్పుడు మూడోది, ఒక్క మెట్టే."

యోనా మీటుతుంటే సత్యానందం మరలు తిప్పాడు. నాలుగు తీగలూ అందరి ముందూ ఒక్కొక్కటిగా కిందికి దిగాయి. ఆ తర్వాత యోనా వాయించాడు. బాగుందని చాలామంది అన్నారు. నేను కర్రను, నాకేమీ అనిపించలేదు. అతని చిటికెన వేలికీ ఏమీ తెలియలేదు. మేనేజరు వెళ్లి, వచ్చే ఆదివారం కాగితంలో యోనా పేరు రాశాడు.

అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఆ తొమ్మిదేళ్లూ సత్యానందం అందరి వాద్యాలకూ శ్రుతి చేశాడు. నన్ను మాత్రం ఒక్కసారి మీటి, విని, పక్కన పెట్టేవాడు.

యోనా పోయాక ఎస్తేరు నన్ను హోటల్‌కే ఇచ్చేసింది. "ఇంట్లో ఉంటే చూసినప్పుడల్లా మోగినట్టుంటాది," అంది. సత్యానందం అప్పటికే బ్యాండు మానేసి ఊరు వదిలి వెళ్లాడు. హోటల్‌వాళ్లు గాజుపెట్టె చేయించారు. అందులో పెట్టేముందు ఎవరో నిపుణుణ్ణి పిలిపించి నా తీగలన్నిటినీ పద్ధతి ప్రకారం బిగింపించారు. ముట్టుకోవద్దని కింద చీటీ కూడా అంటించారు.

సముద్రం గాలి గాజు సందుల్లోంచి వస్తూనే ఉంటుంది. నా మరలు ముసలివైపోయాయి. ఎవరూ వినలేదు గానీ, కిందటి వానాకాలంలో మూడో తీగ తనంతట తనే జారింది. సరిగ్గా ఒక మెట్టు.

ఇంకా మూడు ఉన్నాయి.