చదవకుండా దాటేసిన నల్లపిల్లి

కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే ఆ చిన్న ఆసుపత్రిలో ఒకే ఇంటి కోడళ్ళిద్దరూ పనిచేసేవారు. పెద్దకోడలు పధ్నాలుగేళ్ళ నుంచీ ఉంది. చిన్నకోడలు చేరి నాలుగు నెలలు. చేర్పించింది కూడా పెద్దావిడే. "మా తోడికోడలండీ, చదువుకున్న పిల్ల, ఊరికే కూర్చుంటోంది" అని డాక్టరమ్మని బతిమాలి మరీ పెట్టించింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నాలిక కరుచుకుందో ఆవిడకే తెలియాలి.

పెద్దకోడలి దగ్గర అట్టలు నలిగిన నోటుపుస్తకాలు పదకొండు ఉండేవి. ఏ జంతువుకి ఏ మందిచ్చారన్నది ఆసుపత్రి కార్డుల్లో ఉంటుంది. ఆవిడ రాసుకునేవి వేరు. "ముసలి కుక్క. ఎడమ చెవి వినపడదు, కుడివైపు నుంచి పిలవాలి." "గోధుమరంగు పిల్లి. బల్ల చల్లగా ఉంటే నిలవదు, తువ్వాలు పరవాలి." అందుకే డాక్టరమ్మ సూది పట్టుకునే ముందు ఒకసారి తలెత్తి ఆవిడవైపు చూసేది. ఆ చూపుంటే చాలు, పెద్దకోడలికి ఆ పూట అన్నం తినకపోయినా కడుపు నిండినట్టే.

చిన్నకోడలు వచ్చాక ఆ చూపు దారి మళ్ళింది.

"పుస్తకాల్లో ఉన్నవన్నీ ట్యాబ్లెట్‌లోకి ఎక్కించేద్దామండీ. పేరు కొడితే చాలు, వచ్చేస్తాయి" అంది చిన్నకోడలు ఒకరోజు డాక్టరమ్మతో.

"ఇన్నాళ్ళూ జంతువులకి ట్యాబ్లెట్లు ఎక్కించాం. ఇప్పుడు ట్యాబ్లెట్‌కి జంతువుల్ని ఎక్కించాలా?" అంది పెద్దకోడలు.

అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వి, "మంచి ఆలోచనే" అని చిన్నదాని భుజం తట్టింది. పెద్దకోడలికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఇంటికెళ్తే అక్కడా అదే పాట. "మా చిన్నది వేలు ఆనించిందంటే పనైపోయినట్టే" అని అత్తగారు మురిసిపోయేది. సొంత మొగుడు కూడా, "నువ్వు పేజీలు తిప్పేలోపు ఆ కుక్కపిల్ల కాస్తా ముసలిదైపోతుందే" అని పగలబడి నవ్వాడు. ఆవిడ కంచం కాస్త గట్టిగానే కింద పెట్టి లేచిపోయింది.

డాక్టరమ్మ మాట కాదనలేక మధ్యాహ్నం ఖాళీ దొరికినప్పుడల్లా ఆవిడ పుస్తకం చదివేది, చిన్నకోడలు ట్యాబ్లెట్‌లో టైపు చేసేది. నాలుగో పుస్తకంలో ఒకచోట ఇలా ఉంది: "నల్లపిల్లి. నడుముకి పాతదెబ్బ. వెనకనుంచి ఎత్తితే కరుస్తుంది." పెద్దకోడలు నోరు తెరిచి, మూసింది. ఇదొక్కటి నా దగ్గరే ఉండనీ అనుకుంది. అన్నీ ఇచ్చేస్తే ఇక నన్నెవరు అడుగుతారు? వేలు కిందికి జరిపి తర్వాతది చదివేసింది.

వారం తిరక్కుండా ఆ నల్లపిల్లి బుట్టలో కూర్చుని రానే వచ్చింది.

పక్కగదిలో కత్తెరలు కడుగుతున్న పెద్దకోడలు తలుపు అద్దంలోంచి చూసింది. వెళ్ళి ఒక్కమాట చెప్తే సరిపోయేది. కానీ వాళ్ళే వచ్చి నన్ను పిలవాలి అని ఆవిడ పట్టుదల. చెయ్యి ఆడుతోంది, చెవి మాత్రం తలుపు దగ్గరే ఉంది. పిలుపు రాలేదు. కేక వచ్చింది.

పరుగెత్తేసరికి చిన్నకోడలి కుడి బొటనవేలి మొదట్లోంచి రక్తం ధారగా కారుతోంది. పెద్దకోడలు ఆ చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టి సబ్బుతో కడుగుతూ ఉంటే ఆ పిల్ల అంది:

"ముందే ట్యాబ్లెట్‌లో చూశానక్కా. ఏమీ లేదు. నువ్వు చదివే ఉంటావు, నేనే టైపు చెయ్యడం మర్చిపోయుంటాను."

పెద్దకోడలికి తప్పించుకునే దారి ఆ పిల్లే చూపించింది. తలూపితే చాలు. ఎందుకో తల ఆడలేదు.

"నువ్వు మర్చిపోలేదే. నేనే చదవలేదు" అంది, డాక్టరమ్మ వింటూ ఉండగానే. "కావాలనే దాటేశాను."

చిన్నకోడలు చెయ్యి వెనక్కి లాక్కుంది. "నా మీద అంత కుళ్ళుంటే తిట్టి ఉండాల్సింది. పడేదాన్ని" అంది.

డాక్టరమ్మ కట్టు కట్టి, చిన్నకోడలిని సూది మందుకి పంపించి, అప్పుడు నోరు తెరిచింది. "పుస్తకం నీదే, కాదనను. కానీ ఆ బల్ల దగ్గర నిలబడేది మీరిద్దరూ. మొదటి పుస్తకం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఆ అమ్మాయి చదువుతుంది, నువ్వు టైపు చెయ్యి." ఉద్యోగం పోతుందనుకున్న మనిషికి ఆ శిక్ష తేలికైనదే. అయినా తల కొట్టేసినట్టయింది.

తొమ్మిది రోజులు చిన్నకోడలు పుస్తకంలో ఉన్న మాట తప్ప మరో మాట ఎత్తలేదు. ఇంట్లో కూడా కంచం తీసుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయేది. ఆ చెయ్యి చూసిన అత్తగారికి ఎవరేం చెప్పారో గానీ, పెద్దకోడలిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆ పిల్ల చెప్పలేదన్నమాట. అది ఇంకా బరువుగా ఉండేది. ఒంటివేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఆవిడ టైపు చేసేది.

పదోరోజు చిన్నకోడలు ఒక పేజీ దగ్గర ఆగి కళ్ళు చికిలించింది. "ఇదేం రాత? ఈ కుక్కకి పొడుగు మనుషులంటే బయమా, బలమా?"

"భయం" అంది పెద్దకోడలు గబగబా. "కూర్చుని పిలిస్తే వస్తుంది."

"భ కి ఒత్తు పెట్టవేం మరి?"

"పెడతాలేవే."

అటుగా వెళ్తున్న డాక్టరమ్మ ఆగి, "ఎంత స్పష్టంగా చదువుతున్నావమ్మాయ్!" అంది చిన్నదానితో. పెద్దకోడలి గుండెలో చురుక్కుమంది, ఎప్పటిలాగే. ఆవిడ స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఊఁ, తర్వాతది చదువు" అంది.