ఎంగిలి అంటని గాలి

వ్యాపారం మొదలుపెట్టిన నాడు హేమచంద్ర చేతిలో ఉన్న పెట్టుబడి ఇది: డ్రెస్డెన్‌లో అద్దెకుంటున్న ఫ్లాటు కింద, అక్కడివాళ్ళు కెల్లర్ అనే నేలమాళిగ గది ఒకటి, స్నానానికి వాడే పెద్ద ప్లాస్టిక్ తొట్టి, రబ్బరు రింగులకు రాసే గ్రీజు డబ్బా, చిప్ ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే భార్య సంయుక్త ఇచ్చిన ఆరు నెలల గడువు. వీటికి తోడు, బుద్ధెరిగాక ఇంకొకరి ఎంగిలి తగలని నోరు. మిగతావన్నీ ఆస్తి కింద రాసుకోవచ్చు. ఈ నోటిని మాత్రం ఏ పద్దులో వేయాలో అతనికి తేలలేదు.

ఎందుకంటే అతను పెట్టింది డైవింగ్ జాకెట్ల సర్వీసింగ్. నీళ్ళ అడుగుకు దిగేవాళ్ళు తొడుక్కునే ఆ జాకెట్‌లో గాలిసంచి ఉంటుంది. నింపితే మనిషి తేలతాడు, వదిలితే మునుగుతాడు. మామూలుగా సిలిండర్ నుంచి నింపుకుంటారు. అది మొరాయిస్తే, గొట్టం చివరున్న బొత్తాం నొక్కి పట్టుకుని నోటితో ఊదుకోవాలి. ఆ దారి పనిచేస్తోందో లేదో సర్వీసింగ్ చేసేవాడు ఊది చూడాల్సిందే. గొట్టానికున్న రబ్బరు మూతి చూస్తే ఎందరి పళ్ళ గాట్లో.

తెనాలిలో హేమచంద్ర ఇంట్లో గ్లాసు పెదవికి ఆనిస్తే అది ఇక అంట్లలోకే. అందుకని విప్పడం, కడగడం, బిగించడం తను పెట్టుకుని, ఊదడం బావమరిది భార్గవ్‌కి అప్పగించాడు.

"మా అక్క మొహం చూసి ఊదుతున్నా బావా," అనేవాడు భార్గవ్. "లేకపోతే ఈ ముద్దులు నాకెందుకు?"

అయిదో నెలలో అసలు బేరం తగిలింది. ఊరి బయట నీళ్ళు నిండిన పాత రాతిగనిలో డైవింగ్ నేర్పే క్లబ్బు ఒకటుంది. దానికి నలభై జాకెట్లు. అవి దొరికితే కొట్టు నిలబడుతుంది. లేకపోతే పార్సిళ్ళ గోడౌన్‌లో ఉద్యోగానికి వెళ్ళమని సంయుక్త ముందే చెప్పింది. క్లబ్బు నడిపే కెర్‌స్టిన్, శనివారం వస్తాననీ, ఒక జాకెట్ తన కళ్ళముందు బాగుచేసి చూపించాలనీ అంది.

శుక్రవారం భార్గవ్ జ్ఞానదంతం పీకించుకొచ్చాడు.

"ఇవాళే పీకించుకోవాలట్రా?"

"పళ్ళ డాక్టరు దగ్గర ఎప్పుడో దొరికిన టెర్మిన్ బావా," అన్నాడు భార్గవ్ దూది మధ్యలోంచి. "వదిలేస్తే మళ్ళీ నా పెళ్ళప్పటికి ఇస్తారు."

మర్నాటికి అతని బుగ్గ బూరెలా పొంగింది, మాటే పడిపోయింది. కెర్‌స్టిన్ గని నుంచి సరాసరి తెచ్చిన తడి జాకెట్‌ని హేమచంద్ర గోడ పైపుకి తలకిందులుగా వేలాడదీశాడు.

"దీన్లో గాలి నిలవడం లేదు. ఊది చూడండి," అందావిడ.

హేమచంద్ర గొట్టం జానెడు దూరంలో పట్టుకుని, చెంబుతో నీళ్ళు ఎత్తిపోసుకునేవాడిలా నోరు తెరిచి ఊదాడు. గాలి అతని మీసాలకే తగిలింది. తర్వాత సూపర్‌మార్కెట్ కాగితం ఒకటి తీసి, చిన్నప్పుడు కొట్లో పొట్లాలు కట్టిన చెయ్యి కనక, చిటికెలో పొట్లం చుట్టి దాని కొసని గొట్టంలో గుచ్చి ఊదాడు. చప్పుడొచ్చింది. ఎలాంటి చప్పుడో రాయడం మర్యాద కాదు. పై అంతస్తు ముసలాయన తలుపు తీసి, విశ్రాంతి వేళ ఇలాంటి పనులు బాత్రూములో చేసుకోమని చెప్పి వెళ్ళాడు. భార్గవ్ గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఏమిటిదంతా?" అంది కెర్‌స్టిన్.

అబద్ధమాడితే రేపు వడ్డీతో కట్టాలి, నిజమైతే ఇప్పుడే చెల్లు. "ఒకరు నోట్లో పెట్టుకున్నది మేం నోట్లో పెట్టుకోం మేడమ్," అన్నాడు హేమచంద్ర.

ఆవిడ నవ్వలేదు. "మా క్లబ్బులోనూ ఇదే గొడవ. ఒకరి పెదవి మీద పొక్కు లేస్తే ఇంకో ముగ్గురు వచ్చి నాతో పోట్లాడతారు."

హేమచంద్ర చెవులు నిక్కాయి. "అయితే మనిషికో సొంత మూతి పెట్టండి. పేరు రాసి సంచిలో ఇస్తాం. దిగేముందు తగిలించుకుంటారు, ఒడ్డెక్కాక పీక్కుపోతారు."

ధర చెప్పాడు. ఆవిడ బేరమాడలేదు. తక్కువ చెప్పానని అతనికి అప్పుడే ప్రాణం ఉసూరుమంది.

"సరే, కొత్తది పెట్టి ఊదండి," అంది కెర్‌స్టిన్.

హేమచంద్ర కవరు చింపి, ఎవరి నోరూ సోకని మూతి తగిలించాడు. భార్గవ్ చేతులు ఊపుతూ "మ్మ్, మ్మ్" అన్నాడు.

"ఉండరా, మధ్యలో నీ సణుగుడొకటి." బొత్తాం నొక్కి ఊదాడు. జాకెట్ పూరీలా పొంగింది. సబ్బు నురగ రాస్తే నడుము దగ్గరి వాల్వు బుడగలు కక్కింది. విప్పితే లోపల ఇసుక రేణువు. దాన్ని తుడిచి, గ్రీజు రాసి, బిగించి మళ్ళీ ఊదాడు. ఒక్క బుడగ లేదు. ఆ ఆనందంలో ఊదడం ఆపాడు గానీ, నోరూ తియ్యలేదు, బొత్తాం మీంచి వేలూ తియ్యలేదు.

సర్వీసింగ్‌లో మొట్టమొదటి పని, సంచిలో చేరిన నీళ్ళు ఒంపెయ్యడం. భార్గవ్ మొత్తుకున్నది అదే. ఎందరెందరో ఊదిన ఊపిరి, దాంతోపాటు జారిన ఉమ్మి, గని నీళ్ళు అన్నీ కలిసి తీర్థంలా హేమచంద్ర నోట్లోకి వచ్చేశాయి.

కెర్‌స్టిన్ ఒప్పందం కాగితం మీద కలం ఆనించి తలెత్తింది. "ఇక గాలి పోదని హామీ ఇస్తారా?"

అతను తలూపాడు.

"నోటితో చెప్పండి."

కెల్లర్‌లో తూము లేదు. ఎదుట ఖాతాదారు. భార్గవ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. హేమచంద్ర ఆ కలం వంక చూసి కళ్ళు మూసుకున్నాడు. గుటుక్కుమంది.

"పోదు మేడమ్."

ఆవిడ సంతకం పెట్టి వెళ్ళాక భార్గవ్ దూది తీసి, ముద్దముద్దగా, "ఎలా ఉంది బావా?" అన్నాడు.

"ఆ క్లబ్బులో ఎవడో చుట్ట తాగుతాడ్రా."

ఆదివారం నది ఒడ్డున ఐస్‌క్రీమ్ బండి దగ్గర ఆగారు. కూతురు తన్వి సగం తిని ఇక చాలంటే, హేమచంద్ర ఆ కోను అందుకుని నింపాదిగా తినేశాడు. సంయుక్త నోరు తెరిచి చూసింది. అతను మనసులో లెక్క కట్టాడు. పోయింది, నలభై ఏళ్ళ ఆచారం, ఒక్క గుక్కలో. వచ్చింది, నలభై జాకెట్ల పని, మనిషికో మూతి అమ్మకం, ఇంటిల్లిపాదికీ ఐస్‌క్రీమ్ కొన్నప్పుడల్లా ఒక కోను మిగులు.