సారు అడిగిన రెండు మాటలు

మా నరేష్‌కుమార్ పోస్టులో వచ్చిన కాగితాన్ని రెండుసార్లు లోపల్లోపలే చదివాడు. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. కానీ వాడి మొహంలో నెత్తురు లేదు.

"కొలువు ఆపిండ్రు నాయినా. నన్ను పోలీసులు పట్కపోయిన సంగతి ఎంక్వైరీల తేలిందంట, అది ఫారంల దాచిన్నంట. ఎందుకు దాచినవో పదిహేను దినాలల్ల జెప్పు, లేకుంటె రద్దంటున్నరు."

నా భార్య రాజమ్మ చేతిలో చాట అట్లాగే ఉండిపోయింది. రెండేళ్ళు చదివి, పరీక్ష నెగ్గి తెచ్చుకున్న కేంద్ర ప్రభుత్వ కొలువది. కొత్తపేటలో మా కిరాయి గదుల వరుసలో అలాంటిది ఎవరికీ లేదు.

"ఫారం నింపిందెవ్వరు?" అంది రాజమ్మ.

"ఇంకెవ్వరు, భానుమూర్తి సారు," అన్నాడు నరేష్.

పక్క గది సీతారాములు గడపలోంచే అందుకున్నాడు. "నేను జెప్పలే? మన పోరడు ఉద్యమంల తిరిగితె ఆంధ్రాయనకు మంచిగనిపిస్తదా? కావాల్ననే జేసిండు. నువ్వేమో ఆయన గేటు కాడ సలాములు గొట్టుకుంట కూసున్నవ్ నర్సన్నా."

నరేష్ సారు దగ్గరికని చెప్పులేసుకుంటే నేనూ వెంట నడిచాను.

భానుమూర్తి సారుది రాజమండ్రి. దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెబుతారు. ఆయన కోచింగ్ సెంటరుకు ఆరేళ్ళుగా నేనే వాచ్‌మన్ని. ఒక్క తీరుగా కనిపించే ఇంగ్లీషు మాటలను జంటగా బోర్డు మీద రాసి, తేడా చెప్పడం ఆయన పద్ధతి. సాయంత్రం నేను తుడవబోతే ఆపేవారు.

"హియర్ అంటే ఏంటి, లిజన్ అంటే ఏంటి, చెప్పి తుడువు నర్సయ్యా. నీకొస్తే మా పిల్లలందరికీ వచ్చినట్టే."

"హియర్ అంటె చెవుల పడ్డది సార్. లిజన్ అంటె చెవి పెట్టి ఇన్నది."

మూడో తరగతి దాటని నాకు అట్లా కొన్ని జంటలు అబ్బాయి.

ఆయన హస్తవాసి మంచిదని అక్కడ ఒక నమ్మకం. కొలువు వచ్చినవాళ్ళు ఖాళీ ఫారం మీద ముందే సంతకం పెట్టి ఆయన ముందుంచేవారు. నింపడం ఆయన చేత్తోనే జరగాలి. నరేష్ కూడా అట్లాగే సంతకం చేసి నా చేతికిచ్చి, ధర్నాకు వెళ్ళిపోయాడు. రెండువేల పదకొండు. తెలంగాణ కోసం రోజుకో చోట ధర్నా.

మేం వెళ్ళేసరికి సారు క్లాసు మధ్యలో ఉన్నారు. నరేష్ కాగితం బల్ల మీద పెట్టాడు. ఆయన నిలబడే చదివి, కళ్ళజోడు తీశారు.

"నిన్ను పోలీసులు పట్టుకెళ్ళారా? ఎప్పుడు?"

"ఫారం నింపకముందే, రాస్తారోకో నాడు. ఎల్బీనగర్ చౌరస్తల వ్యానెక్కించి, పొద్దుగూకినంక ఇడిచిపెట్టిండ్రు. అరెస్టయి ఒచ్చిండని బస్తీల దండలేసిండ్రు. మీకొక్కరికే ఎరుక లేదా సార్?"

"అది అరెస్టు కాదురా బాబూ. అరెస్టయితే కేసుంటుంది, కోర్టుంటుంది. నిన్ను డిటెయిన్ చేశారు. కాసేపు అదుపులో ఉంచి వదిలేశారు. ఫారంలో రెంటికీ వేరువేరు గడులున్నాయి. నేను అడిగి మరీ రాశాను. అరెస్టయ్యాడా, పోనీ ఒక్క పూటైనా అదుపులో ఉంచారా, రెండూ వేరు, ఆలోచించి చెప్పమన్నాను."

"ఎవర్ని అడిగిండ్రు?"

సారు నా వైపు చూశారు. నలభై మంది పిల్లలూ చూశారు.

"నన్నే అడిగిండు," అన్నాను. "రెండూ లేవని జెప్పిన."

"తేడా తెల్వక జెప్పినవా నాయినా?"

"తెలిసే జెప్పిన."

నరేష్ నా వైపు తిరిగాడు.

"ఊరంత దండలేస్తె నువ్వు నన్ను దాచినవా?"

"నువ్వు ఉద్యమంల ఉన్నవని తెలిస్తె సారు నన్ను పనిల నుంచి తీసేస్తడనుకున్న."

ఈసారి సారు కుర్చీలో కూలబడ్డారు. "ఆరేళ్ళు నర్సయ్యా! ఆరేళ్ళలో నువ్వు నన్ను చూసింది ఇంతేనా?"



ఆయన పిల్లల్ని బయటికి పంపి, తెల్లకాగితం తీసుకున్నారు. ఇంగ్లీషులో రాస్తూ, ఒక్కో వాక్యం మాకు తెలుగులో చెప్పారు. ఫారం నింపినప్పుడు అభ్యర్థి అక్కడ లేడు. తండ్రి భయపడి దాచాడు. పోలీసులు అదే రోజు వదిలేశారు, కేసు లేదు. అతను బస్సు కోసం చౌరస్తాలో నిలబడి ఉండగా...

"ఆగుండ్రి సార్," అన్నాడు నరేష్. "బస్సు కోసం నిలబడలే. జెండ వట్టుకొని రోడ్డు మీద కూసున్న."

"తెలుసయ్యా. కానీ నిలబడ్డానంటే ఉద్యోగం దక్కుతుంది. కూర్చున్నానంటే పోయినా పోవచ్చు."

నరేష్ నా మొహంలోకి చూశాడు. ఒక అబద్ధంతో వాడి కొలువుకు గండి కొట్టినవాణ్ణి నేను. ఇంకొక్క అబద్ధంతో అది పూడుతుందంటున్నారు.

"కొట్టెయ్యుండ్రి సార్," అన్నాను. "కూసున్నడనే రాయుండ్రి."

సారు నన్ను కొత్తగా చూసినట్టు చూశారు. కాగితం చింపి, ఇంకొకటి మొదలుపెట్టారు. అయిపోయాక, "దీనికి వాళ్ళేమంటారో నేను చెప్పలేను," అన్నారు.

నరేష్ దాన్ని మడిచి పోస్టాఫీసుకు నడిచాడు. నన్ను రమ్మనలేదు. నేను గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాను. పిల్లలు లోపలికి పోతూ ఒక్కొక్కరే నా వైపు చూస్తున్నారు.